మౌస్‌లో బంతి

ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఎక్కుతోంది. ఒకప్పుడు ఆఫీసు కంప్యూటర్లన్నీ బాగుచేసిన ఆయనకి పాత రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో అదే ఆఫీసులో పనిచేసిన భార్య పక్కనే కూర్చుంది.

"ఎన్ని వెర్షన్లొచ్చినా నా ఓటు తెర మీద పచ్చకొండ బొమ్మ ఉండేదానికే. ఒక్కసారి హ్యాంగయితే ఒట్టు!" అన్నాడాయన.

"నాకు దాని ముందుదే ఇష్టం."

"అదా? రోజుకి రెండుసార్లు బిగుసుకుపోయేది. మీ సెక్షన్‌కి తిరగలేక నా చెప్పులరిగిపోయాయి."

"అందుకే ఇష్టం. పచ్చకొండ వచ్చాక మీరు మావైపు తొంగిచూస్తే ఒట్టు."

"అదేంటి, మౌస్ కదలట్లేదని వారం వారం పిలిచేదానివిగా?"

"దాని కింద తిరిగే బంతి తీసి డ్రాయర్లో దాచేదాన్ని."

ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే ముసిముసిగా నవ్వాడు.

"తెలుసు. ఆఫీసంతటికీ బంతిలేని మౌస్‌లొచ్చాయి. మీ సెక్షన్‌కి మాత్రం రెండేళ్లు ఎందుకు రాలేదనుకున్నావ్?"