రాఘవమ్మ నడక

నరసరావుపేటలో నాటక సమాజం నడిపే పాండురంగారావు, పాటలు కట్టే సబా ఇంటికి విసురుగా వచ్చాడు. బయటి చప్పుడు రికార్డింగులో పడకుండా ఆమె గది గోడలకు బొంతలు వేలాడుతున్నాయి. బల్ల మీద కంప్యూటరు, మైకు.

"ఏంది సబా ఈ పాట? తల్లి వేషంలో రాఘవమ్మ స్టేజి మీద చచ్చిపోయిన బిడ్డ దగ్గరికి నడిచొచ్చేలోపే అయిపోతంది!"

"రిహార్సల్లో త్వరగా నడవమనండి బాబాయ్."

"ఆమెకి మోకాళ్ళ నొప్పులమ్మా. ఇదివరకు హార్మోనియం ఆయన ఆమె నడకని చూసి వాయించేవాడు. నీ మిషను ఎవరి కోసమూ ఆగదాయె."

"ఆమె మోకాళ్ళ సంగతి నాకెవరు చెప్పారు? మీ స్టేజి ఎంత వెడల్పో కూడా నాకు తెలీదు. ఈ గదిలో కూర్చుని, ఆడగొంతూ మగగొంతూ నేనే పాడుకుని కట్టా."

"పోనీ, ఆ మిషన్లోనే పాటని కాస్త సాగదియ్యరాదా?"

"ఇదివరకోసారి సాగదీసి చూశా. ఏడుపు కాస్తా ఆవులింత లాగుంది."

"ఆదివారం చిలకలూరిపేటలో ఆట. నా పరువు పోద్ది!"

"మొదట్లో నేను రిహార్సల్‌కి వస్తానంటే ఏమన్నారు మీరు? మగాళ్ళ మధ్య నీకెందుకు, ఇంట్లోనే చేసి ఫోన్లో పంపించు అన్నారు. పంపించా."

పాండురంగారావు గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఆమె నడుస్తుంటే నేను చూడాలి బాబాయ్. అప్పుడైతేనే ఈ పాట కుదురుద్ది."

"అక్కడ కుర్రాళ్ళంతా..."

"బాబాయ్!"

"సరే, సరే. చెప్పులేసుకో. స్కూటరు బయటే ఉంది."