నాగరత్న కొంగున బీగంచెవి

"తాతా, మీ బీరువా బీగంచెవి ఆయమ్మ కొంగుకు కట్టుండాదే, ఎందుకు?"

నువ్వూ బిడ్డకు ఆయమ్మను ఎతుకుతుండావు కదా, చెప్తా విను. అది రెండువేల ఇరవైమూడమ్మా, ఎండాకాలం. మా బంగారు గనుల ఊరు ఊరిగాం వీధుల్లో మామిడికాయల బండ్లు తిరిగే దినాలు. నా కొడుకూ కోడలు ఉషా తెల్లారే రైలెక్కి బెంగళూరు పోతారు కదా, మనవరాలు చిన్నిని చూసుకునేదానికి నాగరత్నను పెట్టుకున్నారు. బిడ్డను బాగానే చూసేది. చిక్కంతా దుడ్డు దగ్గరే. ఉష నాగరత్న ఫోనులో ఏదో ఏర్పాటు చేసింది. ఈమె అంగట్లో స్కాన్ చేస్తే, బెంగళూరులో ఉష ఓకే నొక్కాల, అప్పుడే దుడ్డు పోతాది. పాలకైనా అంతే, కొత్తిమీరకైనా అంతే. చంకలో బిడ్డ, ఎనక జనం, ఈమె ఫోను పట్టుకొని నిలబడేది.

ఒకదినం చిన్నికి జ్వరమొస్తే మందులంగడికి పోయింది. ఉష మీటింగులో ఉండె. అంగడోడు సిరపు సీసా మళ్ళా లోపల పెట్టేసినాడంట. ఉత్త చేతుల్తో వచ్చింది. రాత్రిబడిలో నేర్చిన అక్షరాలతో నేనే ఆ ఫోను చదివి చూస్తిని. అనుమతి కోసం వేచి ఉండండి అని ఉండాది. బిడ్డ జ్వరం వేచి ఉంటాదా? నేనే పోయి మందు తెచ్చినాను.

ఆదివారం అందరినీ కూర్చోబెట్టినాను. మా నాయన, గనిలో చేసేవాడు, జీతం కవరు విప్పకుండా తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టేవాడు. బీడీలకైనా ఆమెనే అడగాల. అప్పుడు బీడీకట్ట అణా... కాదు కాదు, రెండణాలు. అది పోనీ. నేనూ అట్లే నా పెండ్లాం గంగమ్మకిస్తి. మా ఇంట్లో బిడ్డలకు బువ్వ పెట్టేవాళ్ళ దగ్గరే బీగంచెవి. గంగమ్మ పోయినాక అది దేవుని గూట్లో ఉండె. తీసి నాగరత్న చేతిలో పెట్టినాను. సొరుగులో నెల ఖర్చు ఉంటాది, ఎవర్నీ అడక్కుండా తీసుకో అన్నాను.

ఉష "సరే మామా" అనింది. కొట్లాడింది నా చెల్లెలు రుక్కమ్మ.

"వదిన నడుముకుండింది పనిదానికిస్తావా అన్నా? ఇంటి ఆడబిడ్డను నేను లేనా?"

"నీకే ఇస్తాను. దినమూ వచ్చి చిన్నికి నీళ్ళు పోసి బువ్వ పెడతావా?"

"ఈ మోకాళ్ళతోనా!"

"అయితే గమ్మునుండు."

ఇంగ కొన్నాళ్ళకు నేను ఆవని ఊర్లో పెండ్లికి పోయి వచ్చినాను. వచ్చేసరికి గడపలో రుక్కమ్మ. నాగరత్న లేదు, బిడ్డ లేదు. బీరువా తెరిచుండాది, సొరుగు ఖాళీ. నాగరత్న ఫోను వంటింట్లో మోగుతుండాది.

"చెప్తే వింటివా! దుడ్డూ పోయె, బిడ్డా పోయె. పోలీసులను పిలువు!"

"పిలవను. ఆమె వస్తాది."

నాకూ భయం లేదనను. అయినా అరుగు మీదనుంచి లేవలే. సాయంత్రానికి ఆటో వచ్చి నిలిచింది. నాగరత్న దిగింది, చంకలో చిన్ని, బిడ్డ చేతిలో బెలూను, ముక్కు ఎర్రగా.

"చెనక్కాయ విత్తనం ముక్కులోకి తోసుకునింది తాతా. ఆస్పత్రిలో ఎంతడుగుతారో తెలీలే, ఉన్నదంతా తీసుకొని పరిగెత్తినాను. డాక్టరు తీసేసినాడు. ఇదో, మిగిలింది" అని కొంగు ముడి విప్పబోయింది.

"నాకెందుకు? సొరుగులో పెట్టు."

చూసినావా అమ్మా! ఓకే కోసం కాచుకోలే, నా కోసం కాచుకోలే. నేను నమ్మి ఇచ్చిన మనిషి! ఇప్పటికీ ఈ గని ఇండ్ల లైనంతా చెప్పుకుంటాను.

అప్పుడు రుక్కమ్మతో, నాగరత్నకు తప్పయిందని ఒక మాట చెప్పు అన్నాను.

"పనిదానికా? నేనా?"

"నువ్వే."

ఆ మాట చెప్పకుండానే చెప్పులేసుకొని పోయింది. నీ బిడ్డకూ ఇట్లాంటి ఆయమ్మే దొరకాల తల్లీ, చల్లగుండండి.

రుక్కమ్మ ఇల్లు మా ఎనక లైనులోనే. నాకుండేది ఆ ఒక్క చెల్లెలే. ఆ దినం నుంచి మా ఇంటికి రాలేదు.