గడిలో ఏడు సందుకలు

పట్టపగలు కరెంటు పోయి సాంచెలు ఆగితే సిరిసిల్లలో కొమురవ్వ చాయ్ కొట్టు నిండిపోయేది. మరమగ్గాల మోతకు అలవాటుపడ్డ చెవులకు ఆ నిశ్శబ్దం సయించదు. ఎక్కడో జీపు కదిలినా వినిపిస్తుంది. అందుకని ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి. ఆ బరువు తువాలల బక్కయ్య నెత్తినేసుకున్నాడు.

ఊరూరా తిరిగి తువాలలు అమ్మే బక్కయ్య కోతలకు ఒక పద్ధతుంది. వేరేవాళ్ళయితే పులిని నేనే కొట్టిన అంటారు. ఈయన, పులిని కొట్టినోణ్ని చూసినవాడు తనకు చెప్పాడంటాడు. ఎనభైల్లో 'నేను చూసిన' అన్నవాడి ఇంటికి పగలు పోలీసులు, రాత్రి అడవి నుంచి అన్నలు వచ్చేవారు మరి. కోతలరాయుడికైనా ప్రాణం తీపే.

"గొల్లపల్లి దిక్కు పోయిన గదా, వాన వట్టింది. దొర పట్నం ఉరికినంక పాడువడ్డ గడి ఒకటుంటే అరుగు మీద నిలవడ్డ. గంతే, లోపటికి పోలే. కావలి పోశం చెప్పిండు, లోపట తాళమేసిన సందుక ఒకటున్నదని. వాడు గూడ తెరువలే. తెరిసినోడు దొర గుమాస్తా. సందుకల ఇంకో సందుక, దాంట్ల ఇంకోటి, మొత్తం ఏడు. ఏడోదాంట్ల ఏమున్నదో ఎరుకేనా?"

"ఎనిమిదోది," అన్నాడు సాంచె నడిపే బుచ్చన్న.

"కాదు తమ్మీ, కాయితం. గుమాస్తా రాసింది. పడుగు లెక్క పరిస్తే ఈడికెల్లి కోరుట్ల దాక పోయి, జగిత్యాల కోట సుట్టు రెండు సుట్లు తిరుగుతది. పోశం సదువ మొదలువెట్టిన నాడు మీసం నల్లగుండె, సగానికచ్చేసరికి తెల్లవడె."

"పోశంకు సదువు రాదంటివి మొన్న."

"సదువుతాంటెనే అచ్చింది. ఇను. కాయితంల దొర తాత చెప్పిన కథ, తాత కథల గడి గోడ చెప్పిన కథ. దొర ఇడిసిపోయిన కిర్రుచెప్పులు పొద్దూకంగనే గడంత తిరుగుతున్నయని గోడనే చెప్పింది. బాయి కాడికి పోయి, దూరమైతున్నదని బాయినే మోసుకచ్చినయి."

అందరూ నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఒక్కొక్కరిదీ ఆగిపోయింది. బక్కయ్య వెనక బల్ల మీద ఒక కొత్తాయన చాయ్ ఊదుకుంటున్నాడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, బిగించిన బెల్టు. బక్కయ్య చూడలేదు. కథ అప్పటికే ఆయన చెయ్యి దాటిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? బాయి ఎనుక జీపుల కెల్లి దింపిన ఇద్దరు పొలగాండ్లు. చేతులు ఎన్కకు కట్టిన్రు. ఒకడు నీళ్ళడిగిండు. ఇంకోడు బురదల దిగవడ్డ చెప్పు తీసుకుంట అని ఒంగిండు. నేను గోడ సాటుకెల్లి సూస్తున్న..."

పోశం లేడు, గుమాస్తా లేడు, తాత లేడు. గోడ ఉత్త గోడయింది. సగం మాట మీద బక్కయ్యకు తెలివొచ్చింది.

"మొన్న బేస్తారమేనా అన్నా, నువ్వు సూసింది?" కొత్తాయన మెల్లగా అడిగాడు.

అది గురువారమని బక్కయ్య ఎవరికీ చెప్పలేదు.

"బేస్తారమా?" కొమురవ్వ గంటె తిప్పుతూనే అందుకుంది. "బేస్తారం గీయన మా వడ్ల గుమ్మిల ఉన్నడు సారూ. జీపు సప్పుడయిందని దూరిండు. తీరా జూస్తే అది పెండ్లి జీపు. నడుము ఇరికి మాపటిదాక ఎల్లలే. పిల్లిని జూస్తె వణుకుతడు, గీయన గడికి పోతడా?"

"కాళ్ళు వట్టి గుంజింది నేనే సారూ," అన్నాడు బుచ్చన్న. "మనిషి రాలే, లుంగీ అచ్చింది."

కొట్టంతా నవ్వింది. అందరికంటే గట్టిగా బక్కయ్య నవ్వాడు. "ఇరికిన సారూ. నావన్ని కోతలే."

కొత్తాయన చాయ్ చివరిదాకా తాగాడు. గ్లాసు పెట్టి వెళ్ళిపోయాడు.

కరెంటు వచ్చింది. సాంచెలు మొదలయ్యాయి. ఒక్కొక్కరే లేచారు. కొమురవ్వది ఒక్క గది ఇల్లు, ఏ పూట బియ్యం ఆ పూట తెచ్చుకునేది. అందులో వడ్లు పోసుకునే గుమ్మి ఎన్నడూ లేదని వాళ్ళందరికీ తెలుసు. లేచేటప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

బక్కయ్య ఒక్కడే మిగిలాడు. కొమురవ్వ వచ్చి పక్కన కూర్చుంది. సాంచెల మోతలో ఆమె మాట ఆయనకొక్కడికే వినిపించింది.

"గా పొలగానికి నీళ్ళిచ్చిన్రా?"

"ఇయ్యలే," అన్నాడు బక్కయ్య.