లక్క పూత, నల్ల రబ్బరు

నా పేరు ఎడెల్మీరా బర్రేరా. వయసు అరవై ఒకటి. భర్త లేడు. పరాచో ఊళ్లో గిటార్లకు లక్క పూత వేయడం నా వృత్తి. పదిహేడో ఏట మొదలుపెట్టాను. ఫిర్యాదు కాగితంలో "ఇంటిపని" అని ఉంది. అది తప్పని చెప్పాను, దిద్దారు.

నిన్న, మే రెండో తారీకు శుక్రవారం, మధ్యాహ్నం రెండూ ఇరవైకి ఊరి సంగీత భవనంలోంచి గిటారు దొంగిలించబోయాననీ, అడ్డొచ్చిన కాపలావాణ్ణి కొరికాననీ నా మీద ఫిర్యాదు. కొరికిన మాట నిజం. దొంగతనం సంగతి చెబుతాను.

ఆ గిటారు చేసింది మా అన్న ఓనోఫ్రే. షుగరు జబ్బుతో ఆయన కళ్లు పోయి నాలుగేళ్లయింది. చూపు ఉండగా చేసిన ఆఖరి గిటారు అది. పూత నేను వేశాను. స్పిరిట్‌లో కరిగించిన లక్కను దూది పొట్లంతో రుద్దుతూ, ఒక పొర ఆరాక ఇంకో పొర, నలభై ఒక్క రోజులు. పిల్లలు వాయిస్తారని దాన్ని భవనానికి ఇచ్చేశాం. ప్రతి ఆదివారం చర్చి నుంచి అన్న అక్కడికి వెళ్తాడు. వాయించడు. ఒళ్లో పెట్టుకుని పావుగంట తడుముతాడు, అంతే.

ఏప్రిల్ ఏడున భవనం డైరెక్టరు రొహెలియో మాన్సిల్యా ఎనిమిది కొత్త స్టాండ్లు తెప్పించి, పెట్టెల్లోంచి గిటార్లు తీసి పడమటి కిటికీ పక్కన నిలబెట్టాడు. గిటారు మెడ ఆనేచోట, కింది అంచు ఆనేచోట నల్ల రబ్బరు తొడుగులు. వేడికి ఆ రబ్బరు చెమరుస్తుంది. ఆ జిడ్డు లక్కను మెత్తబరిచి తినేస్తుంది. ఆరేళ్ల కింద అలా పాడైన గిటారొకటి నా దగ్గరికి బాగుచేయడానికి వచ్చింది. అందుకే నాకు తెలుసు. వెళ్లి చెప్పాను.

"దోన్యా ఎడెల్మీరా గారూ, ఇవి గిటార్ల కోసమే చేసినవి. అట్టపెట్టె మీద గిటారు బొమ్మ కూడా వేశాడు చూడండి," అన్నాడు.

"ఆ బొమ్మకు లక్క పూత ఉందా బాబూ?" అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు.

నా పాత నూలు దుప్పటి చింపి పదహారు తొడుగులు కుట్టి రబ్బరు మీద తొడిగాను. రెండు రోజులకు తీసేశారు. పుండుకు కట్టు కట్టినట్టుందట, ఫొటోలు బాగా రావట. మళ్లీ తొడిగాను. మళ్లీ తీసేశారు. మూడోసారి వెళ్లేసరికి నా తొడుగుతో కిటికీ తుడుస్తున్నారు.

ఈలోగా మా అమ్మాయి కాన్పుకు ఉరువాపాన్ వెళ్లాను. పదిహేను రోజులున్నాను. నేను తోడు లేక ఆ రెండు ఆదివారాలూ అన్న భవనానికి వెళ్లలేదు. నిన్న బస్సు దిగి, సంచీ చేతిలో ఉండగానే భవనానికి పోయాను. గుమ్మంలో కాపలా ఫిదెన్సియో అన్నం తింటున్నాడు. "బాగున్నావా అత్తా? మనవడా, మనవరాలా?" అని అడిగాడు. మనవరాలన్నాను.

అన్న గిటారు పట్టుకుని ఎత్తాను. దాంతోపాటు స్టాండు కూడా లేచింది.

కూర్చున్నాను. రవిక అంచు నుంచి నూలుదారం లాగి, మెడకూ రబ్బరుకూ మధ్య పెట్టి మెల్లగా కోశాను. విడివడింది. మెడ వెనకాల బొటనవేలంత నల్లమచ్చ, పూత జిగురులా ఉంది. గిటారు చంకలో పెట్టుకుని లేచాను.

"అత్తా, ఎక్కడికి?"

"ఇంటికి. బాగుచేసి తెస్తా."

"కాగితం లేకుండా కుదరదత్తా. నా ఉద్యోగం పోతుంది."

"ఎల్లుండి మా అన్న చెయ్యి దీని మీద పడుతుందిరా!"

అతను గిటారు మెడ పట్టుకున్నాడు, సరిగ్గా ఆ మెత్తబడ్డ చోట. అప్పుడు కొరికాను. ఎడమ ముంజేయి. ఫిదెన్సియో మంచివాడు. మందు పంపాను.

నన్ను ఈ ఠాణాకి తీసుకొచ్చారు. నాలుగు గంటలకు అధికారి గారు మిగతా ఏడు గిటార్లూ ఇక్కడికి తెప్పించారు. ఏడింటికీ మచ్చలే. డైరెక్టరు ఒకదాన్ని రుమాలుతో తుడవబోతే, "రుద్దకు బాబూ, పూత ఇంకా లేస్తుంది," అన్నాను. రుమాలు జేబులో పెట్టుకున్నాడు. "మీ మాట వినాల్సింది," అన్నాడు.

నాలుగున్నరకు అన్న వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. గిటారు అడిగాడు. ఇవ్వొద్దన్నాను. ఇచ్చారు. బొటనవేలు మెడ వెంబడి దిగి, ఆగింది.

"రబ్బరా?"

"అవునన్నా."

"లాగావా?"

"దారంతో కోశాను."

"మంచిపని చేశావ్." వేలు అక్కడే ఉంచాడు. తర్వాత డైరెక్టరు వైపు తిరిగాడు. "బాబూ, నాలుగేళ్లుగా తడుముతున్నా. గోటిగీత లేదు, తీగల కింద అరుగుదల లేదు. నా వేలికి తగిలిన మొదటి గుర్తు ఇదే. దీన్నెవరూ వాయించడం లేదా?"

"పాడవుతుందని పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు మేస్త్రీ గారూ," అన్నాడు డైరెక్టరు.

అలా చేయమన్నది నేను. ఇచ్చిన రోజునే చెప్పాను, పిల్లల చేతికి ఇవ్వొద్దని. ఆ సంగతి ఇంతవరకూ అన్నకు తెలియదు. అక్కడే, అందరి ముందూ చెప్పేశాను. అన్న గిటారు నా ఒళ్లో పెట్టి, నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. నేను ఏడ్చాను. ఇది రాయొద్దన్నాను, రాశారు.

డైరెక్టరు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఎనిమిది గిటార్లూ నేను బాగుచేస్తాను. రబ్బరు మీద నూలుగుడ్డ ఉండాలి. పిల్లలు వాయించాలి. ఈ రెండే నేనడిగినవి. ఒప్పుకున్నాడు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఒక్క మాట కూడా కల్పన కాదు. వేలిముద్ర వేయమన్నారు. రెండుసార్లు వేశాను. నలభై నాలుగేళ్ల స్పిరిట్ రాపిడికి నా వేళ్లపై గీతలు అరిగిపోయాయి, కాగితం మీద నల్లటి చుక్క తప్ప ఏమీ పడలేదు. అందుకని సంతకం చేస్తున్నాను.

ఎడెల్మీరా బర్రేరా
పరాచో, మే 3, శనివారం, ఉదయం 10:40