క్రియాటినిన్ కిటికీ దగ్గర కూర్మనాథం గారు

1989 ఆగస్టు 16వ తేదీన శ్రీ కూర్మనాథం గారు పలాస ప్రాంతంలోని మా ధర్మసంస్థ ఆసుపత్రి ప్రయోగశాలలో సహాయకునిగా చేరారు. నందిగాం నుంచి బస్సులో వచ్చి, ఒకే ఒక్క మైక్రోస్కోపు ఉన్న గదికి తాళం తీసిన ఆ యువకుడే, ముప్పై ఆరేళ్ల అవిశ్రాంత సేవ అనంతరం, ప్రధాన టెక్నీషియన్‌గా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో తల నొచ్చినా, ఆకలి మందగించినా జనం మొదట అనుమానించేది కిడ్నీనే. కవిటి నుంచి ఆటో కట్టించుకొని వచ్చి, డాక్టరు ముఖం చూడకుండానే ల్యాబు కిటికీలో చెయ్యి పెట్టి, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష కోసం "క్రియాటినిన్ సూసీండి బాబూ" అనడం ఇక్కడి వాడుక. కూర్మనాథం గారు ముందు కసిరేవారు, తరువాత రక్తం తీసేవారు, చివర కాగితం చేతికిస్తూ నాలుగు జాగ్రత్తలు చెప్పేవారు. "నీ వంట్లో జబ్బు కన్నా బుర్రలో బయమే ఎక్కువుందిరా" అని ఆయన అంటే సగం జబ్బు నయమైనట్టు నవ్వుకుంటూ వెళ్లేవారు జనం. ఆ మాటకు అంత విలువ ఉండేది. ఆ విలువే ఒకనాడు ఆయన్ను దెబ్బతీసింది.

2006లో మా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్షలు మొదలైనప్పుడు విశాఖలో శిక్షణ పొంది ఆ బాధ్యతను స్వీకరించారు. పరీక్ష చేయించుకున్నవారు కాశీబుగ్గ బజారులో ఎదురైతే, ఆయనే వంకాయలు ఏరుతున్నట్టు నటించి ముఖం తిప్పుకొనేవారు. ఈయన మీకెలా తెలుసని ఎవరూ వారిని అడగకూడదు కదా!

ఇక 2014. ఆ ఏడాది జరిగిన సంగతి ఈ అభినందన సంచికలో వద్దని మేమన్నాం. అది లేకపోతే తన ఫొటో కూడా వెయ్యొద్దని ఆయన భీష్మించారు. కనుక రాస్తున్నాం.

దాలయ్య అనే మత్స్యకారుడికి ముప్పై నాలుగేళ్లు. అతనికి హెచ్‌ఐవీ ఉన్నట్టు నిర్ధారించినది కూర్మనాథం గారే. చేపల వేటకు గుజరాత్ వెళ్లి, మందులు మధ్యలో ఆపేసి తిరిగొచ్చాడు. పది రోజులుగా తలనొప్పి, వాంతులు. భార్య పోలమ్మ అందరిలాగే కిటికీ దగ్గరకే తీసుకొచ్చింది. క్రియాటినిన్ కాస్త ఎక్కువగా వచ్చింది. "కిడ్నీయేనమ్మా. నొప్పి బిళ్లలు మింగనీకు, నెల తిరిగాక తీసుకురా" అన్నారు కూర్మనాథం గారు. మనిషి తెలుసు, జబ్బు తెలుసు, అయినా ఆ జబ్బునూ ఈ తలనొప్పినీ కలిపి ఆలోచించలేదు.

ఆ తరువాత పద్దెనిమిదో రోజున దాలయ్యను స్పృహ లేని స్థితిలో మోసుకొచ్చారు. డాక్టరు గారు వెన్ను నుంచి నీరు తీయించారు. ఆ నీటిబొట్టులో నల్లసిరా కలిపి మైక్రోస్కోపు కింద చూసినవారూ కూర్మనాథం గారే. నలుపు మధ్యన తెల్లని వలయాలతో గుండ్రటి కణాలు అద్దం నిండా కనిపించాయి. క్రిప్టోకాకస్ అనే బూజు. రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారి మెదడు పొరలను పట్టుకొనే జబ్బు. ఆ సిరా సీసా అంతకాలమూ ఆయన బీరువాలోనే ఉంది. మూడో నాడు దాలయ్య మరణించాడు.

"మీరు సెప్పినారనే ఇంటికాడ ఉంచీసినాను బాబూ" అంది పోలమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన నేటికీ అంటారు.

అటుపిమ్మట హెచ్‌ఐవీ మందులు వాడేవారెవరైనా తలనొప్పి అంటే చాలు, సూది ముట్టకముందే "గెడ్డం గుండికి ఆనించు, సూద్దాం" అనేవారు. మెడ వంగకపోతే, అది మెదడు పొరల జబ్బుకు గుర్తు కనుక, చెయ్యి పట్టుకొని స్వయంగా డాక్టరు వద్దకు నడిపించేవారు. నిరోధక శక్తి బాగా తగ్గినవారందరికీ, తలనొప్పి లేకున్నా, రక్తంలో ఆ బూజు జాడ వెతికే పరీక్ష చేయాలని యాజమాన్యంతో పోరాడి సాధించారు. అలా ముందుగా బయటపడి బతికినవారు ఉన్నారు. వారి పేర్లు చెప్పి ఊరడించబోతే ఆయన లేచి వెళ్లిపోతారు.

ఈ వ్యాసానికి అనుమతి కోరుతూ ఆయన స్వయంగా పోలమ్మ ఇంటికి వెళ్లారు. ఆమె కూడా మా వద్దనే మందులు వాడుతూ ఆరోగ్యంగా ఉంది. ఆయన చెప్పిందంతా విని, "మా పేర్లు మార్సీండి. జరిగింది మార్సొద్దు" అంది. వాటిని మార్చాం. సన్మానానికి రమ్మని ఆయన అడిగితే, "వత్తాను బాబూ. కూకుంటాను. దండ మాత్రం నానెయ్యలేను" అంది. ఆయన తలూపి వచ్చేశారు.

కూర్మనాథం గారికీ, వారి ధర్మపత్ని సింహాచలమ్మ గారికీ శేషజీవితం ప్రశాంతంగా, ఆరోగ్యంగా సాగాలని మా అందరి ఆకాంక్ష. దీర్ఘాయుష్షు అనే మాట, ముప్పై నాలుగేళ్లకే పోయిన దాలయ్యను గుర్తుచేసి, ఆయన్ను బాధిస్తుందని మాకు తెలుసు. అయినా సన్మానం రోజు, ముందు వరుసలో కూర్చున్న పోలమ్మ ఎదుటే, నిండు నూరేళ్లు జీవించండని ఆయన్ను కోరతాం.