జాలరిపేట పచ్చగీత

విశాఖపట్నం, 2008. జాలరిపేటలో సాయిదుర్గ ఇంటి గుమ్మం. విదేశీ డాక్టర్ల మాటలు హెడ్‌ఫోన్లో వింటూ ఇంటి దగ్గరే కంప్యూటర్ మీద టైపు చేయడం ఆమె ఉద్యోగం. కంపెనీ మేనేజరు ఉమామహేష్ ఆమెను సన్మానించడానికి శాలువా, చంకలో లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

"శాలువా వద్దంటే ఎలాగమ్మా? ఎండీ గారు హైదరాబాదు నుంచి స్వయంగా పంపారు."

"ఈ ఉక్కలో సాలువా ఏటి సేసుకుంటాను సార్? నానడిగిందానికి సెప్పండి. రోజలిన్ని ఎందుకు తీసీసారు?"

"తీసింది నేను కాదు, మీ కంప్యూటర్లలో పెట్టిన ట్రాకరు. ఎవరి చేతులు ఆగాయో అదే చెప్తుంది. ఆవిడవి ఊరికే ఆగేవి. చేతులాడితే పచ్చగా ఉండే గీత ఎర్రబడేది."

"పసిపిల్లకి పాలిచ్చుకోవాల కద సార్."

"ఇచ్చుకోమను. ఇప్పుడు రోజంతా ఖాళీయేగా."

"మరి రాధ? గంగాభవాని?"

"ఇంకో ఇద్దరు సోమర్లు. ఒకావిడ పంపు నీళ్ళంటుంది, ఒకావిడ అత్తకి మందులంటుంది. కంపెనీ జీతమిచ్చేది బిందెలు మోయడానికా?"

"నీళ్ళు తేకపోతే ఏటి తాగుద్ది సార్? మీ ట్రాకరుకైతే దాహమెయ్యదు."

"నీకెందుకమ్మా వాళ్ళ గొడవ? నీ గీత చూసుకో, ఈ లాప్‌టాప్‌లో. రెండు నెలల కిందట నీదీ ఎర్రగా ఉండేది. ఆ ముగ్గుర్నీ తీసేసరికి భయమేసి దారికొచ్చావు. ఇప్పుడు పొద్దుగూకే దాకా పచ్చన. తుమ్మవు, దగ్గవు."

"భయమేనంటారా?"

"మరేంటి? ఎండీ గారికి అదే రాశాను. భయపెడితే పని జరుగుతుందని. నాకు ప్రమోషన్ కూడా ఇస్తున్నారు. రేపట్నించి అందరికీ నీ లెక్కే టార్గెట్. అందుకోలేనివాళ్ళు ఇంటికే."

"ఇంటికాడే ఉన్నోల్లని ఇంకే ఇంటికి పంపుతారు సార్?"

"నవ్వులాట కాదు. ఈ క్షణాన హైదరాబాదు మీటింగులో గోడ మీద నీ గీతే వేసి చూస్తున్నారు. ఎంత పచ్చగా... అదేంటి?"

"ఏటి?"

"పచ్చగానే ఉంది."

"మంచిదే కద."

"నువ్విక్కడ నాతో మాట్లాడుతున్నావు. లోపల టైపు చేస్తున్నదెవరు?"

"మజ్జిగ తాగుతారా సార్?"

"ఎవరని అడుగుతున్నా."

"మా అయ్య పడవలో ఒకలికి జొరమొస్తే ఇంకొకలు వల లాగుతారు. ఒడ్డుకొచ్చాక మంచాన పడ్డోడికీ వాటా ఏత్తారు. మాకు తెలిసిన పని అదే సార్. ఒకలు లేత్తే ఇంకొకలు కూకుంతన్నాం. జీతం నలుగురం పంచుకుంతన్నాం."

"ఒక ఐడీ మీద నలుగురా? ఇది మోసం. నిన్నూ తీసేస్తున్నాను. ఇప్పుడే."

"తీసీయండి. ఓలమ్మీ, టైపింగాపీయే. మన ఉజ్జోగం పోయింది."

"ఆగు, ఆగు. ఆపమంటావేంటి?"

"పోయిన ఉజ్జోగానికి టైపెందుకు సార్? సూడండి మీ గీత."

"పసుపు రంగుకొచ్చింది. ఇంకాసేపుంటే ఎర్రబడుతుంది. అమ్మా, మీటింగులో అందరూ చూస్తున్నారు. చెయ్యమను."

"నానెవర్ని సెప్పడానికి? నన్ను తీసీసారు కద."

"నిన్ను తియ్యలేదు. ఉండు, ఫోనొస్తోంది. ఎండీ గారు. ఏం చెప్పను? ఎవరో ఒకరు, చెయ్యి వెయ్యమనమ్మా."

"ఎవరో ఒకరేటి సార్? మీ సోమర్లు ముగ్గురూ లోపలే ఉన్నారు. కుర్సీలో ఉన్నది రోజలిను. సేతులు ఖాళీ అయ్యాయని పిల్లకి పాలిత్తన్నాది. తాగడమయ్యేదాకా అక్కడే నిలబడండి, ఆ సాలువా అట్టుకుని."