సౌకార్‌పేట దెబ్బలు

చూలైలోని ఇంట్లో, చర్మం డాక్టరు దగ్గర్నుంచి అప్పుడే తిరిగొచ్చిన ప్రీతి తండ్రి జయరామ్‌ని పట్టుకుంది. తల్లి కోకిల వంటింట్లో ఉంది. తప్పించుకునే దారి జయరామ్‌కి కనబడలేదు.

"మళ్లీ చెప్పు నాయనా. సౌకార్‌పేటలో ఎంతమంది రౌడీలు?"

"ఇప్పుడెందుకు మే ఆ కత? డాక్టరేమన్నాడో అది చెప్పు."

"డాక్టరమ్మ. చెప్తా. ముందు రౌడీలు."

"నలుగురు."

"పోయిన దీపావళికి ముగ్గురే గదా?"

"ఒకడు కొంచెం దూరంగా నిలబడినాడు. వాణ్ణి చేర్చాలా వద్దా అని..."

"సరి. సైకిల్ చైనుతో కొట్టినారు. ఆ దెబ్బలకే నీ వీపు మీద ఆ గడ్డలు. అంతేనా?"

"అంతే."

"అట్లయితే నన్నెవురు కొట్టినారు నాయనా?"

"నిన్నా? నిన్ను కొట్టేదెవురు మే?"

"నా నడుము మీద గూడా అవే ఉండాయి. పెళ్లి రవికెకు కొలతలు తీస్తా టైలరక్క చూసింది. అందుకే పోయినా ఆడికి."

"అయ్యో! నొప్పా? ఏమన్నా... చెడ్డ గడ్డలా?"

"కాదు. పోయిన వారం చిన్న ముక్క తీసి పరీక్ష చేసినారు. చర్మంలో కొలాజెన్ అని ఉంటుందంట. అది ఆడాడా ఎక్కువై ఇట్లా గట్టిగా లేస్తుందంట. కేన్సర్ కాదు, అంటుకోదు, మందు గూడా అక్కర్లా."

"అమ్మయ్య. బతికిచ్చినావు."

"ఇంకోటి గూడా చెప్పింది."

"ఏందది?"

"ఇది కుటుంబంలో వస్తుందంట. రౌడీల దగ్గర్నించి రాదంట."

"కాఫీ... కోకిలా, కాఫీ ఇంకా కాలేదా?"

"కాఫీ వస్తుందిలే. ఎందుకు చెప్పినావు అంత అబద్ధం?"

"మెల్లగా మే, మీ అమ్మ వింటుంది. పెళ్లయిన కొత్తలో అడిగింది, వీపు మీద ఇవేందని. పుట్టుకతో వచ్చినాయంటే భయపడి పుట్టింటికి పోతుందేమో అనిపించింది. రౌడీలంటే... కొంచెం మర్యాద."

"ఇన్నేళ్లా!"

"చుట్టాలు వచ్చినప్పుడల్లా మీ అమ్మే చెప్పమంటుంది. నేనేం చేసేది? నవ్వొద్దు మే."

"నవ్వు ఆగడంలా నాయనా. కానీ... నాకూ అదే భయం. నన్ను చేసుకోబోయే శ్రీకుమార్‌కి ఇంకా చెప్పలా. రేపు మాధవరం నించి వాళ్లమ్మ గూడా వస్తుంది. పుట్టే పిల్లలకు గూడా రావచ్చంట. వద్దనేస్తే?"

"నువ్వు గూడా ఒక రౌడీని..."

"నాయనా!"

"చుమ్మా, తమాషాకి అన్నాలే. నాకే లేని ధైర్యం నీకెట్లా ఇచ్చేది?"

"కాఫీ తీసుకోండి. ప్రీతీ, రేపు ఉన్నదున్నట్టు చెప్పేయ్."

"కోకిలా... అంతా విన్నావా?"

"కొత్తగా వినేదేముంది? నాకు పెళ్లికి ముందే తెలుసు."

"తెలుసా! మరి ఇవేందని అడిగినావే?"

"మీ నోటితో చెప్తారేమో అని. మీరేమో రౌడీల్ని పిల్చుకోనొచ్చినారు."

"ఎవురు చెప్పినారు నీకు?"

"మీ అమ్మ. పెళ్లిచూపులకు నన్ను చూడను వచ్చిన పొద్దే లోపలి గదిలోకి పిలిచి, తలుపేసి, తన వీపు చూపించింది. 'మావాడికీ ఇవే ఉండాయి, రేపు నీ బిడ్డకూ రావచ్చు, ఇష్టముంటేనే సరే అను' అనింది. నేను ఆ గదిలోనే సరే అన్నా."